కథ చివర చెప్పని టీచర్

సుప్రజ తన ఇరవై రెండేళ్ల జీవితంలో ఒక్క పుస్తకమూ మొదటి నుంచి చివరి దాకా చదివిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆమె దాచుకున్నదీ లేదు, దానికి సిగ్గుపడిందీ లేదు. వేంపల్లెలో వాళ్లింట్లో పుస్తకమంటే పాఠ్యపుస్తకం, అది కూడా గైడు దొరకని రోజుల్లో. గైడులో పైన ప్రశ్న, కింద జవాబు. జవాబు బట్టీ పట్టడం, పరీక్షలో కక్కేయడం, హాలు బయటికి రాగానే మరిచిపోవడం. అట్లా పదో తరగతి గట్టెక్కింది, ఇంటర్ గట్టెక్కింది, డిగ్రీ అయితే ఫస్టు క్లాసులోనే గట్టెక్కింది. నీకు చదవడం రాదని ఎవరైనా అనుంటే పడీపడీ నవ్వేది.

కడపలో టీచర్ ట్రైనింగ్‌లో చేరినాక ఐచ్ఛికాంశం ఒకటి ఎంచుకోమన్నారు. బాలసాహిత్యం తీసుకో, చిన్నపిల్లల కథలే గదా, కళ్లు మూసుకొని రాసేయొచ్చు అని సీనియర్లు సలహా ఇచ్చారు. సుప్రజ కళ్లు మూసుకొనే చేరింది.

ఆ సబ్జెక్టు చెప్పేది విశ్వాసమ్మ. యాభై దాటిన మనిషి. మెత్తగా మాట్లాడుతూనే వీపు విమానం మోత మోగించే రకం. మొదటి రోజే గుడ్డసంచీలోంచి పల్చటి బొమ్మల పుస్తకాలు తీసి తలా ఒకటి ఇచ్చి, చదవమంది. సుప్రజకు వచ్చింది ఒక మేకపిల్ల కథ. మెడలో గంట పోగొట్టుకున్న మేకపిల్ల ఇంటింటికీ తిరిగి, నా గంట చూశారా అని అడుగుతుంది. ఎవరూ చూడలేదంటారు. చివరి పేజీలో గంట దొరుకుతుంది. పేజీకొక వాక్యం. రెండు నిమిషాల్లో అయిపోయింది.

"చదివినావా?" అని అడిగింది విశ్వాసమ్మ.

"చదివినా మేడం. పోగొట్టుకున్న వస్తువు కోసం ఓపికగా వెతకాలనేది ఇందులో నీతి."

"నీతి సంగతి తర్వాత చూద్దాం. కాకి ఏం చేస్తాండాది?"

"కాకి యాడుంది మేడం? ఈ కథలో కాకి లేదు."

"ఉండాది. మళ్లా చదువు పో."

సుప్రజ మళ్లీ చదివింది. ఒక్క వాక్యంలోనూ కాకి లేదు. మేడమ్‌కు మతిమరుపు వచ్చిందేమో అనుకుంది. మూడోసారి అక్షరాలు వదిలేసి బొమ్మ వైపు చూసింది. మొదటి పేజీలో గోడ మీద కాకి. దాని ముక్కున గంట. రెండో పేజీలో వేపకొమ్మ మీద కాకి, గూట్లో గంట. మేకపిల్ల ఎవరి గడప తొక్కినా, వెనకాల ఆ కాకి దర్జాగా కూర్చొని చూస్తూనే ఉంది. మాటలు ఒక కథ చెబుతుంటే బొమ్మలు ఇంకో కథ చెబుతున్నాయి. మేకపిల్లకు తెలియనిది చదివే పిల్లకు తెలుసు. అందుకే ఆ పిల్ల ప్రతి పేజీకీ, అదిగో కాకి, వెనక్కు తిరిగి చూడు అని మేకపిల్ల మీద అరుస్తుంది.

సుప్రజకు ఒళ్లు జలదరించింది. నిజంగానే జలదరించింది, మాట వరసకు కాదు. నాలుగేళ్ల పిల్లకు కనిపించే కాకి ఫస్టు క్లాసు డిగ్రీకి కనిపించలేదు. ఆ పుస్తకాన్ని ఆ సాయంత్రం హాస్టల్‌కు అడిగి తీసుకుపోయింది. అది ఆమె అడిగి తెచ్చుకున్న మొదటి పుస్తకం.

నవంబరులో ప్రాక్టీసు కోసం ఆమెను ఎర్రగుంట్లకు ఈవల ఉన్న ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలలో వేశారు. పొద్దున్నే కడపలో బస్సెక్కితే కమలాపురం దాటినాక వస్తుంది ఆ ఊరు. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు, చెట్ల ఆకుల మీద ఎప్పుడూ తెల్లటి దుమ్ము. హెడ్మాస్టరు నరసన్న మంచి మనిషే. అయితే వచ్చినవాళ్లందరికీ ముందు తన బడి గొప్పతనం చూపించందే కుర్చీ వేయడు.

"రుఖియా, లేయ్‌మా. మేడమ్‌కు మూడో పాఠం చదివి చూపీ," అన్నాడు.

అయిదో తరగతి రుఖియా లేచింది. రెండు జడలు, మోచేతి దాకా గాజులు. పుస్తకం చేతిలోకి తీసుకొని, వేలు వాక్యం మీద పెట్టి రాగం ఎత్తుకుంది. ఆ ప్రాంతపు బడులన్నింట్లో వినిపించే రాగమే. వాక్యం మధ్యలో పైకి లేచి, చివర సాగి కిందికి దిగుతుంది. ఎక్కడా తడబాటు లేదు. నరసన్న మొహం వెలిగిపోతోంది.

అంతలో కిటికీలోంచి గాలి కొట్టి పుస్తకంలో రెండు పేజీలు తిరిగిపోయాయి. రుఖియా గొంతు ఆగలేదు. వేలు కూడా ఆగలేదు. చక్కగా ఒక ఏనుగు బొమ్మ మీద ఎడమ నుంచి కుడికి నడుచుకుంటూ పోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సుప్రజ ఆ పిల్లను పక్కకు పిలిచి కొత్త పుస్తకం ఒకటి తెరిచి, ఈ ఒక్క లైను చదువు అంది. రుఖియా ఆ లైను వైపు చూసింది, సుప్రజ వైపు చూసింది, తర్వాత కాలి బొటనవేలి వైపు చూసింది. అక్షరాలు ఒక్కొక్కటీ చూపిస్తే కొన్ని చెప్పింది. వాటిని కలిపి మాటగా పలకమంటే నోరు పెగల్లేదు. ఒకసారి విన్నది అట్లే పట్టుకునే చెవి ఆ పిల్లది. పక్క పిల్లలు చదువుతుంటే వింటుంది, రాగంతో సహా అప్పజెబుతుంది. ఆ చెవే అయిదేళ్లుగా దాన్ని కాపాడుతూ వచ్చింది. నాలుగు తరగతులు దాటించి, బడికంతటికీ మొనగత్తెను చేసింది. దీన్ని చదువని ఒప్పుకున్న పెద్దవాళ్లను అనాలి గానీ పిల్లననడానికేముంది.

సుప్రజకు కోపం రాలేదు. భయం వేసింది. ఆ పిల్లలో తనే కనిపించింది. తన గైడు, తన బట్టీ, తన ఫస్టు క్లాసు. తేడా ఒక్కటే, తనను ఎవరూ పట్టుకోలేదు.

ఆ వారంలోనే రుఖియా తండ్రి దాదా ఖలందర్ బడికి వచ్చాడు. సిమెంటు లారీ డ్రైవరు. బళ్లారి, బెంగళూరు తిరిగి వస్తాడు, ఇంట్లో ఉండేది తక్కువ. తల్లి లేని పిల్లను ఆయన తల్లి, రుఖియా జేజి మాబూబీ సాకుతోంది. వేసవి మొదట్లో గురుకులం ప్రవేశపరీక్ష ఉంది. పాసైతే ఆరో తరగతి నుంచి అక్కడే ఉండి చదువుకోవచ్చు. దాని సంగతి కనుక్కోవడానికి వచ్చాడాయన.

"మా పాప యాడన్నా పాసవుతాది మేడం. నీళ్లు తాగినట్ల సదువుతాది," అన్నాడు మీసం కింద నవ్వుకుంటూ. "పాస్ కాలేదనుకో, దానికి సదువు రాదనే గదా అర్థం. మాన్పిచ్చి మాయమ్మతో శెనక్కాయలొలవను కూసోబెడతా. ఒకటే మాట."

పిల్ల మీద ఉన్న నమ్మకంతో ఆయన ఆ మాట నవ్వుతూనే అన్నాడు. రుఖియా మాత్రం నవ్వలేదు. తనకు చదవడం రాదని తెలిసిన మనిషి ప్రపంచంలో ఇప్పుడు ఒకరున్నారు, ఆ ఒకరు ఇప్పుడు నోరు విప్పుతారేమో అని సుప్రజ మొహంలోకే చూస్తూ నిలబడింది. సుప్రజ నోరు విప్పలేదు. ఈ పిల్లకు చదవడం నేర్పించి గానీ ఈ బడి వదిలేది లేదని ఆ నిమిషాన మనసులో గట్టిగా అనుకుంది.

అనుకోవడం తేలికే. రోజూ భోజనాలయ్యాక రుఖియాకు పరీక్ష కోచింగు అని చెప్పి నరసన్న దగ్గర అనుమతి తీసుకుంది. పిల్లను చెట్టు నీడన కూర్చోబెట్టి గుణింతాలు మొదలుపెట్టింది. ఒకటో తరగతి పిల్లలు గోడ మీంచి తొంగి చూసి కిసుక్కుమన్నారు. మొనగత్తెకు తల కొట్టేసినట్టయింది. సుప్రజ పలక పక్కన పెట్టి, మేకపిల్ల కథ చదివి వినిపించింది. బాగానే విన్నది. ఇక్కడే సుప్రజలోని గైడు నిద్ర లేచింది. ఈ కథలో నీతి ఏమిటి, మేకపిల్లకు ఏ గుణముంది, ఖాళీలు పూరించు అంటూ వరసపెట్టి అడిగింది. రుఖియా మరునాడు కడుపునొప్పి అంది. ఆ మరునాడు బడికే రాలేదు.

కడపకు పోయి విశ్వాసమ్మ ముందు కూర్చుని జరిగింది చెప్పింది.

"కథ అయిపోయినాక నీతి అడిగేది ఎట్లుంటాదో తెల్సునా పాపా?" అంది విశ్వాసమ్మ. "పిల్లోళ్లు అన్నం తిని చెయ్యి కడుక్కుంటాంటే, ఏం విటమిన్ తింటివో చెప్పు అన్నట్లుంటాది. నువ్వు పుస్తకాన్ని పరీక్ష చేసినావు. ఆ పాప పరీక్షకు భయపడింది గానీ పుస్తకానికి కాదు."

"మరి ఏం చేయాల మేడం?"

"నాకేం తెల్సు. ఆ బీరువాలో ఉండే పుస్తకాలు చదువు. అవి రాసినోళ్లు పిల్లల్ను ఎట్ల కూసోబెట్టినారో చూడు."

అప్పుడు మొదలైంది సుప్రజ అసలు చదువు. పరీక్ష రాయడానికి కాదు, పనిముట్టు కోసం వెతుక్కునేవాడి మాదిరి చదివింది. ఒకే మాట మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? రాని పిల్ల కూడా మూడోసారికి దాన్ని గుర్తుపట్టి, తనే చదివానని సంబరపడటానికి. వాక్యం అక్కడే ఎందుకు ఆగింది? పేజీ చివర తలుపు సగం తెరిచి ఆపేస్తే, పిల్ల చెయ్యి దానంతటదే పేజీ తిప్పుతుంది. ఎవరో ఒక పెద్దమనిషి ఎక్కడో కూర్చుని, మొహం తెలియని ఒక పిల్ల చేత పేజీ తిప్పించడానికి ఇంత ఆలోచించాడా అని సుప్రజకు ఆశ్చర్యం వేసింది. రూంలో అమ్మాయిలు, పెండ్లి కాకుండానే పిల్లల పుస్తకాలా అని ఏడిపించారు. ఏడిపించుకోనీ అనుకుంది. ఒకరోజు బస్సులో చదువుతూ ఊరు వచ్చిందీ చూసుకోక ఎర్రగుంట్ల స్టాండులో దిగింది. కండక్టరు తిట్టాడు. తిట్లు సరిగ్గా చెవిన పడలేదు, కథ ఇంకా రెండు పేజీలుంది.

బీరువాలో దొరికిన వాటిలో ఒక అవ్వ కథ ఉంది. అవ్వ ఒక రేకుపెట్టె ఒళ్లో పెట్టుకొని బస్సెక్కుతుంది. అందులో ఏముందవ్వా అని అడిగినవాళ్లందరికీ తలా ఒక జవాబు చెబుతుంది. ఒకరికి బంగారమంటుంది, ఒకరికి బెల్లమంటుంది, కండక్టరుకు మాత్రం నా కర్మ అంటుంది. బస్సు గుంతలో పడుతుంది. పెట్టె మూత ఎగిరిపోతుంది. అక్కడ పేజీ అయిపోతుంది.

సుప్రజ ఆ కథను రుఖియాకు సరిగ్గా ఆ మూత ఎగిరే దాకా చదివి, పుస్తకం మూసి సంచీలో పెట్టేసింది.

రుఖియా కాసేపు ఎదురుచూసింది. "కడాకు ఏముండాది టీచర్ పెట్టెలో?"

"పుస్తకంలో ఉంది."

"చెప్పు."

"చెప్పను. కావాలంటే నువ్వే చదువు. నాలుగు పేజీలే ఉన్నాయి."

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సుప్రజ గుండె పీకింది. చెబితే అయిపోతుంది, నవ్వుతుంది, ఇంటికి పోతుంది. కానీ ఒకసారి విన్నదంటే ఆ చెవి మొత్తం పట్టేస్తుంది, ఇక కళ్లకు పని ఉండదు. సుప్రజ పళ్లు బిగించి బస్సెక్కింది. మరునాడూ చెప్పలేదు. ఆ మరునాడూ చెప్పలేదు. వేంపల్లె మొండితనం మీద లోకానికి ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ వారం అది బాగా పనికొచ్చింది.

అవి వేరుశనగ విత్తనానికి కాయలు ఒలిచే రోజులు. మిషనుకు వేస్తే గింజ చిట్లుతుంది, మొలక రాదు అని విత్తనాల కాయలు చేత్తోనే ఒలిపిస్తారు. మాబూబీ వసారాలో సాయంత్రాలు వీధి ఆడవాళ్లంతా మూటల చుట్టూ చేరి ఒలుస్తుంటారు. చేతులకు పని, నోటికి తీరిక. ఆ సమయంలో ఎవరో ఒకరు కథ చెప్పాలి. రుఖియా అవ్వ పెట్టె కథ చెప్పింది, రాగంతో, అభినయంతో, మూత ఎగిరే దాకా. అక్కడ ఆగలేక, బంగారముండాది అని ముగించింది. మరుసటి రోజు మళ్లీ అడిగితే, పాముండాది అంది.

"నిన్న బంగారమంటివి గదమ్మే," అంది నాగలక్ష్మమ్మ అనే పక్కింటావిడ కాయ చిదుపుతూ.

"దానికి తెల్దులే. సొంతంగా కట్టి చెప్తాండాది," అంది మాబూబీ. "తెలిసినాక చెప్పు పాపా. అంతదాకా మేము పెట్టె మూసే పెడతాం."

ఇంత పరువు తక్కువ రుఖియాకు ఎప్పుడూ జరగలేదు. మరునాడు బడి తెరవక ముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది. సుప్రజ బస్సు దిగి రాగానే చెయ్యి చాపింది.

"పుస్తకమియ్యి. నేనే సదువుకుంటా," అంది.

ఎంతసేపు పట్టిందని అడగకూడదు. మధ్యాహ్నాలు పట్టింది, సాయంత్రాలు పట్టింది. వేలు ఒక్కో అక్షరం మీద నిలబడింది, వెనక్కు పోయింది, మళ్లీ వచ్చింది. ఒత్తు దగ్గర చెమటలు పట్టాయి. సుప్రజ పక్కన కూర్చుని, అడిగినప్పుడు మాత్రం అక్షరం చెప్పింది, మాట చెప్పలేదు. చివరికి ఒక సాయంత్రం కాయల మూటల మధ్య కూర్చుని, ఒలిచే చేతులన్నీ ఆగిపోయి చూస్తుండగా, రుఖియా ఆ మాటను ముక్కలు ముక్కలుగా పలికింది. కో, డి, పె, ట్ట. ఒక క్షణం తను ఏమి పలికిందో తనకే తెలియలేదు. తర్వాత తెలిసింది. పెట్టెలో కోడిపెట్ట. టికెట్టు తప్పించుకోవడానికి అవ్వ దాచిన కోడిపెట్ట ఎగిరి పోయి కండక్టరు భుజం మీద కూర్చుంది. వసారా అంతా నవ్వులే. తను చదివిన మాటకు ఇంతమంది నవ్వడం ఆ పిల్ల జన్మలో అదే మొదలు. మరునాడు ఇదంతా చెబుతుంటే సుప్రజకు ఏడుపొచ్చింది, తుడుచుకోకుండానే విన్నది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. దాదా ఖలందర్ బళ్లారి నుంచి వచ్చాడు. ఇంట్లో కూతురు రెండో పుస్తకం ముందేసుకొని అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. నీళ్లు తాగినట్టు చదివే పిల్ల నత్తి పడుతోంది. ఆయనకు కాళ్ల కింద భూమి కదిలింది. కూతురు చెయ్యి పట్టుకొని తిన్నగా బడికి వచ్చాడు.

"ఏం చేసినావు మేడం మా పాపను? ముందు గడగడా సదివేది. ఇప్పుడు ఒగ మాట పలకను గంట పడతాండాది. ఈ కథల పుస్తకాలతోనే చెడిపాయ."

నరసన్న అడ్డు రాలేదు. పైగా, "నేను ముందే చెప్తి గదమ్మా, బాగున్న దాన్ని కెలకొద్దని," అన్నాడు. ముందు ఆయన ఎప్పుడూ అట్లా చెప్పలేదు.

సుప్రజ నోటి దాకా వచ్చింది. మీ పాప ఇన్నాళ్లూ చదవలేదన్నా, పాడింది అనాలని. రుఖియా నేల చూపులు చూస్తోంది. తండ్రి ముందు, సారు ముందు, అయిదు తరగతుల పిల్లల ముందు ఆ మాట అంటే గెలిచేది సుప్రజ, చితికిపోయేది ఆ పిల్ల. "కొంచెం ఓపిక పట్టన్నా. ఈ తడబాటు మంచిదే," అని మాత్రం అంది. ఎవరికి అర్థమవుతుందా మాట? ఆయనకూ అర్థం కాలేదు.

"పరీక్ష దగ్గర పడతాండాది. కథల పుస్తకం ఇంగ ముట్టుకుంటే నేనొప్పుకోను," అని ఆయన తీర్పు చెప్పి వెళ్లిపోయాడు. మరునాటి నుంచి రుఖియా మళ్లీ లేచి నిలబడి మూడో పాఠం రాగం తీసింది. సుప్రజ వైపు చూడకుండా తీసింది.

ఆ శనివారం హాస్టల్లో సుప్రజ అన్నం ముట్టలేదు. వదిలేస్తే పోయేదేముంది, తన ప్రాక్టీసు ఎట్లాగూ అయిపోతుంది, మార్కులు ఎట్లాగూ పడతాయి. కానీ ఆ పిల్ల పరీక్ష హాలులో కొత్త ప్రశ్నాపత్రం ముందు కూర్చున్న దృశ్యం కళ్లలోంచి పోదు. అక్కడ చదివి వినిపించడానికి పక్క పిల్లలుండరు. దాని తర్వాత కాయల మూట. లేదు, వదిలేది లేదు అనుకుంది. చీకటి పడకముందే కడప బజారుకు పోయి, పుస్తకాల షాపులో బొమ్మల పుస్తకాలన్నీ తిరగేసి, అట్ట మీద లారీ ఉన్నదొకటి కొన్నది. గడ్డి లారీ. ఇంతెత్తు గడ్డి మోపుతో ఊరూరు దాటే లారీ.

మరునాడు ఆదివారం. బస్సులో ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. అట్ట తెరవడానికి చెయ్యి గుంజింది. కమలాపురం వచ్చే లోపల మూడుసార్లు తెరవబోయి మూసింది. తను చదివిందంటే కథ తన మొహం మీదికి వచ్చేస్తుంది, ఆ పిల్ల మొహం చూసి పట్టేస్తుంది. పుస్తకమంటే ఆమడ దూరం ఉండిన మనిషి ఇప్పుడు పుస్తకం తెరవకుండా ఉండటానికి ఇంత అవస్థ పడుతోందని తలుచుకొని తనలో తనే నవ్వుకుంది. చివరికి దాన్ని సంచీ అడుగున, టిఫిను డబ్బా కింద పెట్టేసింది.

దాదా ఖలందర్ ఇంటి ముందే లారీ ఆపి టైర్లు తట్టి చూసుకుంటున్నాడు. సుప్రజను చూసి మొహం ముడుచుకున్నాడు గానీ, గడప తొక్కిన మనిషిని నిలబెట్టే రకం కాదు. మాబూబీ చాప పరిచి టీ తెచ్చింది.

"మేడం, నీ మీద నాకేం కోపం లేదు," అన్నాడాయన. "నువ్వే విను, రెండు దినాల్లోనే ఎట్ల మారిందో. రుఖియా, పాఠం సదువు."

రుఖియా పుస్తకం తెచ్చి చాప చివర కూర్చుంది. రాగం ఎత్తుకుంది. గొంతు ఖంగుమంది. దాదా ఖలందర్ కళ్లు మూసుకొని తలాడించాడు. నాలుగు వాక్యాలయ్యాయి. సుప్రజ టీ గ్లాసు పట్టుకొని, ఏమి చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటోంది.

రుఖియా పుస్తకం మూసేసింది.

మూసి, ఒళ్లో పెట్టుకొని, తండ్రి మొహంలోకి చూస్తూ చదువుతూనే ఉంది. అదే రాగం, అదే గొంతు, ఒక్క మాట తప్పు పోలేదు. దాదా ఖలందర్ కాసేపు తలాడిస్తూనే ఉన్నాడు. తర్వాత కళ్లు తెరిచాడు. మూసిన పుస్తకాన్ని చూశాడు, కదులుతున్న పెదాలను చూశాడు, మళ్లీ పుస్తకాన్ని చూశాడు. పాఠం చివరి దాకా వచ్చి ఆగింది.

"పుస్తకం మూసినా వచ్చాది నాయనా," అంది రుఖియా. "అన్ని పాఠాలూ ఇట్లనే. నాకు సదవను రాదు. ఇని చెప్తా. ఇప్పుడిప్పుడే సదువుతాండా, టీచరు నేర్పిచ్చినాది. నువ్వేమో వద్దంటివి."

మాబూబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాదా ఖలందర్ మొహం నల్లబడింది. ఈ రాగాన్నే ఆయన లారీ ఆఫీసులో అందరి ముందూ చదివించి గర్వపడ్డాడు, ఫోనులో రికార్డు చేసుకొని రోడ్డు పొడవునా విన్నాడు. ఆయన కోపంగా లేస్తాడేమోనని సుప్రజ భయపడింది. ఆయన లేవలేదు.

"నీకు తెల్సునా మేడం ఇది?" అన్నాడు.

"మొదటి రోజే తెలిసిందన్నా."

"నాకు చెప్పకపోతివే."

"పాపే చెప్పాల్సిన మాట అది. నేను చెప్పకూడదనుకున్నా."

సుప్రజ సంచీ అడుగు నుంచి పుస్తకం తీసి రుఖియా చేతికిచ్చింది. అట్ట మీది లారీని దాదా ఖలందర్ ఓరగా చూశాడు. గడ్డి కట్టిన తీరు బాగలేదు, మోకు ఒక పక్కకే లాగినాడు అని గొణిగాడు. రుఖియా మొదటి పేజీ తెరిచి వేలు పెట్టింది. ఈసారి రాగం లేదు. మాట మాటకూ ఆగింది. లా, రీ. లారీ. గ, డ్డి. గడ్డి లారీ బయలుదేరింది. మొదటి ఊరు వచ్చేసరికి గడ్డి కొంచెం తగ్గింది. రెండో ఊరు వచ్చేసరికి ఇంకొంచెం తగ్గింది. డ్రైవరు తల గోక్కున్నాడు. ఒక మాట దగ్గర వేలు నిలబడిపోయింది.

"క్లీనరు," అందించాడు దాదా ఖలందర్. "వాడి పనే అది. దోవలో అమ్ముకుంటాండాడు."

"ఉండు నాయనా. సదువుతాండా గదా."

ఆయన ఉన్నాడు. హారన్ కొట్టకుండా ఒక బర్రెకు కూడా దారి ఇవ్వని మనిషి, కూతురు ఒక మాట కూడబలుక్కునే దాకా మోకాళ్లు పట్టుకొని నిశ్శబ్దంగా కూర్చున్నాడు. ఆ మాట క్లీనరు కాదు. ఆయనకు ఆ సంగతి కొంచెం కష్టంగానే తోచింది.

మూడో ఊరు వచ్చేసరికి సగం గడ్డి లేదు. పేజీ అక్కడ అయిపోయింది.

"ఎవురు మేడం తినేది?" అని ఆయన గొంతు తగ్గించి సుప్రజను అడిగాడు.

"నాకూ తెలియదన్నా. నేనింకా చదవలేదు."

ఆయన ఆమెను వింతగా చూశాడు. తర్వాత, అసలు అడగాల్సింది అడిగాడు. "పరీక్ష పాసవుతాదా ఇది?"

అబద్ధం చెప్పడం సుప్రజకు చేతనవును. చెప్పలేదు. "ఈ ఏడు పాసవుతుందని నేను మాటివ్వలేను. చదవడం మాత్రం వస్తుంది. ఇంక ఆగదు."

దాదా ఖలందర్ చాప ఈనె ఒకటి తుంచుతూ కూర్చున్నాడు. అంతలో జేబులో ఫోను మోగింది. ఫ్యాక్టరీ నుంచి, లోడు సిద్ధంగా ఉంది, బండి పెట్టమని.

"గంట పడతాదప్పా," అన్నాడు ఫోనులో. "ఈడ మా పాప సదువుతాండాది." అవతల ఏదో అన్నారు. "లేదప్పా, పరీక్షకు కాదు. అది పాస్ కాకుంటే ఎర్రగుంట్లలో హైస్కూలు ఉండాది గదా, బస్సులో పోయి వచ్చాది." ఫోను పక్కన పడేసి, కూతురి వైపు జరిగి కూర్చున్నాడు.

"తిప్పు పాపా," అన్నాడు.

రుఖియా పేజీ తిప్పింది.